ఓడిన రోజు ఫోను

ఓడిపోవడం నాకు ఇష్టంగా ఉండేది. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటు ఉన్నా అందులో కూడా రాయలేదు.

నేను బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. అరబ్బు దేశంలో, అల్ మవాలేలో మా ఫ్లాటు. బాపు ఒక కంపెనీలో స్టోర్ కీపరు. నాకు మొదటి రాకెట్టు కొనిచ్చింది ఆయన అన్న, మా పెద్దబాపు. ఆయన బర్కా దగ్గర ఒక ఖర్జూర తోటలో పనిచేసేవాడు. మేకలకు గడ్డి కోయాలి, చెట్లకు నీళ్లు పెట్టాలి, తోట యజమాని అర్బాబ్ ఏది చెబితే అది చెయ్యాలి. సెలవంటూ ఒక రోజు లేదు. ఎప్పుడో ఒక శుక్రవారం మా ఇంటికి వచ్చి, సంచిలోంచి రాకెట్టు తీసి, "నీ సైజుదో కాదో నాకు తెల్వది బిడ్డా, షాపాయన గిదే ఇచ్చిండు" అన్నాడు. అది పెద్దవాళ్లది. ఎత్తి పట్టుకుంటే నా మణికట్టు వంగిపోయేది. దాంతోనే నేర్చుకున్నాను.

బాపు నాకొక పద్ధతి పెట్టాడు. మ్యాచ్ గెలిస్తే దారిలో షవర్మా. నేను వెనక సీట్లో కూర్చుని తింటుంటే, బాపు పెద్దబాపుకు ఫోన్ చేసి ఆట మొత్తం తనే చెప్పేవాడు. ఓడితే షవర్మా ఉండదు. ఫోన్ నా చేతికి వస్తుంది.

"గెలిస్తే నేను చెప్త. ఓడితే నీ నోటితోని నువ్వే చెప్పాలె. రాకెట్టు కొనిచ్చినాయనకు జవాబు చెప్పుడు నేర్చుకో."

ఫోన్ కలిపి ఇచ్చి, తను దిగి చాయ్ తాగడానికి పోయేవాడు. పెద్దవాళ్ల ముందు నోరు పెగలని పిల్లకు ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదని ఆయన అనుకున్నాడు. మొదటిసారి నాకూ అది శిక్షే అనిపించింది.

"పెద్దబాపూ, ఓడిపోయిన."

"ఓడినవా? అయితే అవతలి పిల్లోల్ల ఇంట్ల ఇయ్యాల పండుగే. నువ్వేం జేస్తున్నవ్ గిప్పుడు?"

"కార్ల కూసున్న. బుక్కు చదువుతున్న."

"ఏం బుక్కు? అండ్ల ఏమున్నది?"

ఆ ప్రశ్న నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. నా చేతిలో పుస్తకం కనిపిస్తే అమ్మ "కండ్లు పోతయ్" అనేది. బాపుకు పుస్తకమంటే స్కూలు పుస్తకమే. నేను కథ చెప్పడం మొదలుపెట్టాను. దీవిలో ఒంటరిగా ఉండి ఓడలకు దీపం చూపించే ముసలాయన కథ అది. అవతల తోటలో నీళ్ల మోటారు చప్పుడు వినిపిస్తోంది. మధ్యలో పెద్దబాపు ఆపాడు.

"ఆగు. సుట్టూ ఉప్పునీళ్లంటివి. మరి తాగేటి నీళ్లు యాడికెల్లి తెచ్చుకుంటడు?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. "వాన నీళ్లు పట్టుకుంటడేమో" అన్నాను.

"గట్ల జెప్పు. నాకు ఆయన దూప గురించే రంది అయితుండె. తర్వాత?"

ఇంతలో బాపు వచ్చి కారు అద్దం మీద కొట్టాడు. నా ముఖం ఎర్రగా ఉండడం చూసి, మందు పనిచేసిందని అనుకున్నాడు. పెద్దబాపు మాత్రం ఫోన్ పెట్టే ముందు, "మిగిలింది మల్ల జెప్పు" అన్నాడు.

మళ్లీ అంటే, మళ్లీ ఓడినప్పుడు.

ఏ మ్యాచ్‌లోనూ ఓడిపోదామని నేను అనుకుని ఆడలేదు. అది మాత్రం ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. అనుకోకుండానే చెయ్యి నేర్చుకుంది. వెనకబడి ఉన్నప్పుడు బాగానే ఆడేదాన్ని. గెలుపు దగ్గరికి వచ్చేసరికి మణికట్టు బరువెక్కేది. నెట్ దగ్గర ఎత్తుగా లేచిన షటిల్‌ను, కళ్లు మూసుకుని అయినా కొట్టగలిగినదాన్ని, గీత బయటికి పంపేదాన్ని. మా కోచ్ కేరళ ఆయన. హిందీలో బాపుతో, ఈ పిల్లకు ఆట వచ్చు, ముగించడం రాదు అన్నాడు. బాపు దాన్ని భయం కింద లెక్కగట్టాడు. భయం పోవాలంటే శిక్ష పెరగాలి కదా. "ఇగ నుంచి ఊకె ఓడిన అంటే నడ్వది. ఎట్ల ఓడినవో అంత ఇడమర్చి చెప్పాలె" అన్నాడు. దానితో మా ఫోన్లు ఇంకా పొడుగయ్యాయి.

ఇంట్లో ఈ గొడవ చూసి అమ్మ ఒక్కతే నవ్వేది. "అది గెలిచినా ఓడినా ఈ ఇంట్ల గిన్నెలు తోమేది నేనే" అనేది.

ఊరికే ఫోన్ చేసి ఆయనతో మాట్లాడొచ్చు కదా అని ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. నాకు సొంత ఫోన్ లేదు. బాపు ఫోన్ అడిగితే ఎందుకని అడుగుతాడు. పెద్దబాపుకు కథ చెప్పాలని నోరు తెరిచి చెప్పే పిల్లనైతే నాకు ఆ కథలే అక్కర్లేకపోయేవి.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అర్బాబ్ తోట అమ్మేశాడు. పెద్దబాపు వీసా క్యాన్సిల్ అయింది. అప్పటికే ఆయనకు కిడ్నీల జబ్బు ముదిరింది, ఇంక వేరే పని దొరికే వయసు కూడా కాదు. విమానం శుక్రవారం సాయంత్రం. మా స్కూళ్ల టోర్నమెంట్ ఫైనల్ అదే సాయంత్రం. బాపు ఎయిర్‌పోర్టుకు బయలుదేరబోతే పెద్దబాపే వద్దన్నాడట, పిల్ల ఆట ఇడిసిపెట్టి రాకు అని.

ఆ రోజు నేను గెలవాలనే ఆడాను. చివరి గేమ్‌లో, ఇంక ఒక్క పాయింట్ ఉందనగా, నెట్ దగ్గర షటిల్ ఎత్తుగా లేచింది. చెయ్యి ఎప్పటిలాగే బరువెక్కింది. అది నా మాట వినడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. రెండో చేత్తో నా మణికట్టును నేనే పట్టుకుని లాగినట్టుగా అనిపించింది. కొట్టాను. షటిల్ గీత లోపలే పడింది. బాపు కుర్చీల మధ్య నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

కారులో ఆయన ఫోన్ కలిపాడు. పెద్దబాపు అప్పటికి ఎయిర్‌పోర్టు లోపల లైన్లో నిలబడి ఉన్నాడు. బాపు ఒక్కో పాయింట్ చెప్పుకుంటూ పోయాడు. అంత సంతోషంగా ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. నేను వెనక సీట్లో షవర్మా పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని, నాకిస్తాడేమో అని ఆయన చెయ్యి చూస్తున్నాను. ఒకసారి ఇవ్వమని అడగాలి. అంతే. నోరు రాలేదు.

"ఇగ ఫోన్లు బంద్ చెయ్యమంటున్నరట" అని బాపు ఫోన్ పక్కన పెట్టాడు. "మీ పెద్దబాపు మస్తు ఖుషీ అయిండు."

ఊరికి చేరాక ఆయన ఎక్కువగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఫోన్ పెద్దమ్మ ఎత్తేది. ఎండాకాలం రాకముందే పోయాడు.

తర్వాతి టోర్నమెంట్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాను. కారెక్కాక బాపు అలవాటుగా ఫోన్ తీసి, ఆ పేరు దాకా వెళ్లి, కాసేపు అలాగే చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని బండి తీశాడు. ఆ తర్వాత నన్ను ఆడమని ఆయన అడగలేదు, నేనూ ఆడతానని అనలేదు. ఇప్పుడు నేను ఇక్కడే రూవిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం తిండి దగ్గర పుస్తకం తెరుచుకుంటే ఏం చదువుతున్నావని అడిగేవాళ్లు ఉన్నారు. పేరు చెప్పి ఊరుకుంటాను.

పెద్దబాపు నాతో చివరిసారి మాట్లాడింది ఆ ఫైనల్‌కు ముందు శుక్రవారం. ఆ రోజు ఓడిన మ్యాచ్ ఒట్టి ప్రాక్టీసుది, దానితో పోయేదేమీ లేదు. అయినా బాపు ఫోన్ కలిపి ఇచ్చి దిగాడు. నేను కథ మొదలుపెట్టబోతే పెద్దబాపు ఆపాడు. వెనక మోటారు చప్పుడు లేదు.

"నువ్వు ఓడితేనే మనం మాట్లాడుకుంటమని నాకు ఎప్పుడో సమజైంది బిడ్డా" అన్నాడు. "అచ్చే శుక్రవారం గెలువు. మాట్లాడకున్నా ఏం గాదు."