అంగిలిలో పడుకున్న కోరపన్ను

నా చివరి పాలపన్ను నాకు ముప్పై మూడేళ్లు వచ్చాక ఊడింది. తుక్కుగూడ దగ్గర బండి ఆపుకుని కాల్చిన మక్కజొన్న కంకి కొరుకుతుంటే, గింజలతో పాటు అదీ వచ్చేసింది. పక్కనే ఉన్న నా ఏడేళ్ల కూతురికి అప్పటికే ముందుపళ్లు రెండు లేవు. అది నా నోట్లోకి తొంగిచూసి, "అమ్మా, నీది గూడ ఊడిందా!" అని చప్పట్లు కొట్టింది.

ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ వెనక నిలబడి నవ్వడం నా ఉద్యోగం. మర్నాడు పెదవులు బిగించి నిలబడితే, "ఏంది మేడం, ఫ్లైట్ లేటా?" అని ఒక ప్రయాణికుడు కంగారుపడ్డాడు. సాయంత్రం అమ్మను తోడు తీసుకుని శంషాబాద్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది. చిన్నప్పుడే రావలసిన కోరపన్ను అంగిలి ఎముకలో అడ్డంగా ఉంది.

"పన్ను ఉన్నది అక్కా. మంచిగ పండుకున్నది."

"ఇది గూడ గంతే డాక్టరమ్మా, పొద్దెక్కితే గాని లేవది," అంది అమ్మ నన్ను చూపిస్తూ.

"గట్లనే ఉండనిస్తే?" అని అడిగాను.

"ఉండనియ్యచ్చు. కాని పక్క పళ్ల వేర్లు పాడుచేస్తదేమో అప్పుడప్పుడు చూసుకోవాలె. లేకుంటే తీసెయ్యచ్చు. జర ఓపికుంటే కిందికి గుంజుదాం. ఎముకకు అతుక్కుంటే మాత్రం కదలది."

గుంజమన్నాను. మత్తు సూది ఇచ్చి, అంగిలి కోసి, పన్నుకు చిన్న బొత్తాం అతికించింది. దానికి బంగారు రంగు సన్న గొలుసు తగిలించి, మిగతా పళ్లకు వేసిన క్లిప్పులకు కట్టింది.

అమ్మ ఆ గొలుసు సంగతి కాలనీ అంతా చాటింది. ఎవరొచ్చినా, "జర నోరు తెరువు బిడ్డా," అనేది. పక్కింటామె ఫోన్ లైటు వేసి చూసి, "మస్తుందక్కా, ఏ షాపుల చేయించిన్రు?" అని అడిగింది.

నెలలు గడిచినా పన్ను కదల్లేదు. ఈలోగా కూతురి పళ్లు రెండూ వచ్చేశాయి. "ఏం కాదమ్మా, నీది గూడ వస్తది," అని అది నన్ను ఓదార్చేది. డాక్టరమ్మ కూడా కొంచెం దిగాలుపడింది.

ఒకరోజు పళ్లు తోముకుంటుంటే నాలుకకు ఏదో గరుకుగా తగిలింది. కూతుర్ని పిలిచి చూడమన్నాను.

"అమ్మమ్మా, తెల్లగ కొస కనిపిస్తుంది!"

అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. నన్ను నోరు మూయనివ్వకుండా చాలాసేపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా మొట్టమొదటి పన్ను వచ్చినప్పుడు కూడా ఆమె ఏడ్చిందట.

వరుసలోకి వచ్చాక పన్ను కాస్త పక్కకు తిరిగి ఉంది. "ఇంక జర తిప్పుదామా?" అంది డాక్టరమ్మ. నేను జవాబు చెప్పేలోపే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తల్లీ. ఎట్లనో అట్ల వచ్చింది, గది చాలు."

అందుకే అది ఇప్పటికీ కొద్దిగా వంకరే.