గౌరమ్మ లేని బతుకమ్మ

బతుకమ్మ మీద పెట్టే గౌరమ్మ కోసం మా పాప పసుపు తడుపుతుంటే, ఆ వాసనకు ఇప్పటికీ నాకు ఒక పండుగ సాయంత్రం గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు ఒక సద్దుల బతుకమ్మనాడు మా నాన్న చెల్లెలు సునీతత్త మా ఊరు చిన్న మంగళారానికి వచ్చింది. ముస్లిం అబ్బాయిని రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాక ఊళ్లోకి రావడం అదే మొదలు. చేతుల్లోని తాంబాళంలో తంగేడు, బంతిపూల బతుకమ్మ ఉంది. దాని మీద పసుపు గౌరమ్మ లేదు.

ఆడుతున్నవాళ్ల చప్పట్లు ఆగిపోయాయి.

"సాయిబుల ఇంటి కోడలైనంక మన నడుమ ఎట్ల పెడ్తది?" అన్నది ఒకామె.

అత్త తాంబాళంతో ఒక అడుగు వెనక్కి వేసింది. బతుకమ్మ కిందపడుతుందేమోనని నాకు ఒకటే భయం. గౌరమ్మ లేకపోవడం వల్లే అందరికీ కోపమొచ్చిందనుకుని నాయనమ్మ కొంగు లాగాను.

"అవ్వా, అత్త గౌరమ్మను మరిసింది!"

అవ్వ తన బతుకమ్మ మీది గౌరమ్మను తీసి అత్త బతుకమ్మ మీద పెట్టింది.

"నా దాని పక్కకే పెట్టు బిడ్డా."

ఇద్దరు ముగ్గురు తమ బతుకమ్మలెత్తుకుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మెల్లగా పాట అందుకున్నారు.

అత్త ఏమీ మరిచిపోలేదని పెద్దయ్యాక అర్థమైంది. పెళ్లికి చట్టం ఒప్పుకుంది. గౌరమ్మను చేసుకునే హక్కు తనకింకా ఉందో లేదో తెలియక, ఆ చోటు ఖాళీగా ఉంచుకుని వచ్చింది.