బిక్షపతి ఎక్కని మంచం లేదు

మంచం కనిపిస్తే బిక్షపతి దాని మీద పడుకుంటాడు. నిద్ర వచ్చి కాదు, ఒళ్లు అలసీ కాదు. ఆ మంచం సంగతేమిటో తేల్చడానికి. చెప్పులు విప్పి, కళ్లద్దాలు జేబులో పెట్టుకుని, వెల్లకిలా ఓసారి, కుడికి ఓసారి, ఎడమకు ఓసారి దొర్లి, లేచి కూర్చుని తీర్పు చెబుతాడు. ఆయన దగ్గర తీర్పులు రెండే: పాస్, ఫెయిల్.

ఈ జబ్బు ఆయనకు నాచారం ఫ్యాన్ల కంపెనీలో అంటుకుంది. అక్కడ చెకింగ్ సెక్షన్‌లో ఉద్యోగం. తక్కినవాళ్లు ఫ్యాను తిప్పి, చప్పుడు విని ముద్ర కొట్టేవారు. బిక్షపతి మాత్రం చొక్కా గుండీలు విప్పి దాని కింద కూర్చునేవాడు. చెమట ఆరితేనే ముద్ర.

"ఏం బిక్షపతీ, పని జేస్తున్నవా, గాలికి కూసున్నవా?" అని సూపర్‌వైజరు కసిరితే, "నాకు గాలి రాంది, కొన్నోనికి వస్తదని ముద్రెట్ల కొడ్త సారూ?" అనేవాడు.

రిటైరయ్యాక ఫ్యాన్లు పోయి మంచాలు పట్టుకున్నాడు. కూతురు రాణికి సంబంధం చూడబోయినప్పుడు, పిల్లవాడు దయాకర్ లారీ నడుపుతాడని విని, ముందు లారీ చూపించమన్నాడు. క్యాబిన్‌లో డ్రైవరు సీటు వెనకున్న పడక ఎక్కి, కాళ్లు ముడుచుకుని దొర్లి, దిగి "పాస్" అన్నాడు. పాసైంది తనో, లారీ పడకో దయాకర్‌కు ఈనాటికీ తెలియదు.

ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ల కోసం రోడ్డంతా తవ్విపోసిన ఏడాది, బిక్షపతి భార్య సారలమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ కూలబడిపోయింది. పక్షవాతం. ఆ గోతుల మధ్య నుంచి ఆటో ఈదుకుంటూ ఈదుకుంటూ ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి చేరింది. పెళ్లయ్యాక కూడా రాణి, దయాకర్ ఆ ఇంట్లోనే ఉండేవారు, కానీ ఆ రోజు దయాకర్ లారీ మీద ఎక్కడో నాగపూర్ దగ్గరున్నాడు. రాణి ఒక్కతే ఈ కిటికీకీ ఆ కిటికీకీ పరుగెత్తి, తిరిగొచ్చి చూసేసరికి తల్లి పక్క మంచం మీద తండ్రి పడుకుని ఉన్నాడు. ఛాతీ నిండా వైర్లు.

"నాయినా! అవ్వ ఆడ సావు బతుకులల్ల ఉంటె, నువ్వీడ గుండె సూపిచ్చుకుంటున్నవా?"

"నేను సూపిచ్చుకోలే బిడ్డా. రోజుకు గంత కిరాయి అడుగుతున్నరు గద, మంచంల ఏమున్నదో సూద్దమని పండుకున్న. వాళ్లే సూసిన్రు. మంచిగున్నదట."

ఆ పరీక్ష కూడా బిల్లులో పడింది. పడనిదేముంది? బిక్షపతి పీఎఫ్, రాణి మెడలో గొలుసు, చెంగిచెర్లలో ఎప్పుడో కొనిపెట్టుకున్న చిన్న జాగా, అన్నీ ఆ బిల్లులోకే పోయాయి. ఇంత పోసినా సారలమ్మకు కుడివైపు తిరిగి రాలేదు. మాట కూడా పోయింది. మిగిలినవి "ఊ", "వద్దు". ఆసుపత్రి నుంచి ఆ ఇంటికి వచ్చిన శుభవార్త బిక్షపతి గుండె కాగితం ఒక్కటే.

ఇక మిగిలిన దిక్కు రాణి ఈఎస్ఐ కార్డు. రాణి నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఆమె పనికి పోతేనే కార్డు నిలుస్తుంది, కార్డు ఉంటేనే తల్లికి మందులు, కాలూ చెయ్యీ ఆడించే వైద్యం. తీరా పనికి పోతే తల్లి ఒళ్లు తుడిచేదెవరు, పక్క మార్చేదెవరు? మొగుణ్ని చెయ్యి వెయ్యనివ్వడానికి సారలమ్మకు సిగ్గు. ఆయన దగ్గరకు వస్తే చాలు, "వద్దు" అని మొహం గోడకు తిప్పుకునేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో రాణికి అప్పుడు తెలిసింది.

"నెలాఖరు దాకా ఎలాగో ఆపుతాను రాణీ," అంది ప్యాకింగ్ సెక్షన్ మేడమ్ హైమావతి. చెడ్డ మనిషేం కాదు. "ఆ తర్వాత నీ చోట్లోకి ఇంకొకర్ని తీసుకుంటారు. నా చేతుల్లో ఉండదమ్మా."

రాణి ఉప్పల్‌లో ఒక ఏజెన్సీకి పోయి ఆయాను మాట్లాడుకొచ్చింది. ఆ ఆయా గుమ్మంలో అడుగుపెడుతూనే "మొగోళ్లు లోపలికి రావద్దు" అంది. బిక్షపతి బుద్ధిమంతుడిలా బయటకు పోయి, రోజంతా వాకిట్లో కాపలా కూర్చున్నాడు.

సాయంత్రం రాణి వచ్చేసరికి ఆయా టీవీ ముందుంది. సారలమ్మ పొద్దుటి తడిలోనే ఉంది. వీపు కింద తోలు ఎర్రగా కమిలి లేచింది. రాణి ఆయాను తిట్టి పంపి, తల్లికి ఒళ్లు తుడిచి, కుర్చీలో దిండ్ల మధ్య కూర్చోబెట్టి, ఇటు తిరిగి చూస్తే బిక్షపతి ఆ తడి పరుపు మీద పడుకుని ఉన్నాడు.

"లే నాయినా! ఛీ, ఏందిది?"

ఆయన లేవలేదు. "మస్తు సల్లగుంటది బిడ్డా" అన్నాడు. అంతే. ఆ మంచానికి పాస్ చెప్పలేదు, ఫెయిల్ చెప్పలేదు.

ఇక ఆయాలు వద్దు, ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమం ఏదైనా వెతుకుదాం అనుకున్నారు తండ్రీకూతుళ్లు. వెతికే పని బిక్షపతి తీసుకున్నాడు. సంచిలో ఒక నీళ్ల సీసా కూడా పెట్టుకున్నాడు.

మొదట ఏఎస్ రావు నగర్. కింద కోచింగ్ సెంటరు, పైన ఆశ్రమం. టై కట్టుకున్న మేనేజరు ఎదురొచ్చాడు. "మా దగ్గర టీవీ ఉంది సార్, సాయంత్రం భజన ఉంది, ఆదివారం చికెన్ ఉంది."

"మంచమున్నదా?"

చూపించారు. బిక్షపతి ఎక్కి పడుకుని, ఎవరూ చూడకుండా సీసాలో నీళ్లు పక్క మీద ఒంపుకున్నాడు. పిలవలేదు, కదల్లేదు. కింద పిల్లలు ఫార్ములాలు బట్టీ పట్టడం అయిపోయింది, భోజనాల గంట కొట్టింది, అప్పుడొచ్చింది ఆయా. "ఏం తాతా, జరసేపు ఆగలేకపోయినవా?" అని విసుక్కుని, తడి మీదే ఒక తువ్వాలు పరిచి పోయింది.

"ఫెయిల్" అన్నాడు బిక్షపతి లేచి.

మేనేజరు తెల్లబోయాడు. "పేషెంటు మీ భార్య అన్నారు కదా?"

"ఆమెకు మాట రాదు సారూ. తడిసినా చెప్పదు. అందుకే నేనొచ్చిన."

చర్లపల్లి వైపు ఇంకొక చోట పక్క వెంటనే మార్చారు. కానీ రెక్క పట్టి లాగి, బీరువా జరిపినట్టు జరిపారు. భుజం నొప్పితో వారం మూలిగాడు. ఇంకొక చోట ముసలివాళ్లు పడిపోకుండా చేతులు మంచం పట్టీకి గుడ్డతో కట్టేవారు. ఈయన్నీ కట్టారు. కట్టినామె ఇంటికి పోయింది. తక్కిన వాళ్లు ఈయన నిజం పేషెంటే అనుకున్నారు. "నేను మంచిగున్న, ఇడువుండ్రి" అని ఎంత అరిచినా "అందరూ అదే అంటరు తాతా" అని బుజ్జగించి, జావ తాగించారు. చీకటి పడినా ఇంటికి రాలేదని రాణి వెతుక్కుంటూ పోయి విడిపించుకొచ్చింది.

"ఇంక చాలు నాయినా," అంది దారిలో, ఏడవలేక నవ్వుతూ. "మంచం పట్టింది అవ్వ. నిన్ను పట్టుకొచ్చుడు నాకు డ్యూటీ అయింది."

"జావ మంచిగుండె," అన్నాడు బిక్షపతి.

చివరికి చెంగిచెర్లలో దొరికింది. నాలుగు గదుల ఇల్లు, నడిపేది మల్లవ్వ అనే పెద్దావిడ. బిక్షపతి ఇలా నీళ్లు ఒంపుకున్నాడో లేదో, ఆమె వచ్చి, ఆయన్ను ఒక పక్కకు ఒత్తిగిలించి, తడి దుప్పటి వీపు దాకా చుట్టి, పొడిది పరిచి, ఇటు దొర్లించి లాగేసింది. ఎక్కడా నొప్పి లేదు. తర్వాత తడి గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇవి బోరు నీళ్లు. ఎవలకు వెడ్తున్నవయ్యా పరీక్ష?"

"తప్పయింది అక్కా. జర మళ్లొకసారి జెయ్యవా?"

పాస్. ఆ మాట వినగానే రాణికి ప్రాణం లేచొచ్చింది. ఆశ్రమానికి కడితే తన జీతంలో బస్సు కిరాయి మిగులుతుందేమో. అయినా కార్డు నిలుస్తుంది, అదే చాలు. కానీ బిక్షపతి మరునాడు మళ్లీ చెంగిచెర్ల పోయాడు. ఆ మరునాడూ పోయాడు.

"పాసైన మంచానికి మళ్ల మళ్ల పరీక్షేంది?"

"ఇంకొక్క డౌటున్నది బిడ్డా."

డౌటు తీరేలోగా నెలాఖరు వచ్చింది. మరునాడు రాకపోతే ఇక రావక్కర్లేదని హైమావతి ఫోన్ చేసింది. రాణి ఇక తండ్రి మాట వినదలుచుకోలేదు. తల్లి చీరలు సంచిలో సర్ది, ఆటో పిలిచింది. ఆటో వచ్చి గేటు దగ్గర ఆగగానే సారలమ్మ ఎడమచేత్తో మంచం పట్టీ పట్టుకుంది.

"వద్దు."

ఆ పట్టు విడిపించబోయి రాణి అక్కడే నేల మీద కూలబడింది. "నేనేం జేద్దునే అవ్వా? నువ్వే చెప్పు, ఏం జేద్దును?" అని బావురుమంది.

బిక్షపతి బయటకు పోయి ఆటోను పంపేసి వచ్చాడు. రాణికి ఒళ్లు మండిపోయింది. "ఏఎస్ రావు నగర్ల, చర్లపల్లిల నువ్వెక్కని మంచం లేదు! ఏం దొరికింది నాయినా? ఉన్న కొలువు గూడ పాయె!"

"జర పక్కకు జరుగు బిడ్డా," అని ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. ఎడమ అరచెయ్యి సారలమ్మ భుజం కిందికి, కుడిది తుంటి కిందికి పోనిచ్చి, నెమ్మదిగా ఒత్తిగిలించాడు. పాత దుప్పటి వీపు దాకా చుట్టాడు, కొత్తది పరిచాడు, ఇటు దొర్లించి లాగాడు. వీపు మీద మానుతున్న పుండుకు ఎక్కడా రాపిడి తగలనివ్వలేదు.

రాణి ఏడుపు ఆపి చూసింది. "గిదెప్పుడు నేర్సుకున్నవ్?"

"పండుకుంటె తెలుస్తది బిడ్డా, ఏ చెయ్యి యాడ వడ్తె నొస్తదో. గా మూడు మంచాల మీద ఎట్ల జెయ్యొద్దో నేర్సుకున్న. మల్లవ్వక్క దగ్గర ఎట్ల జెయ్యాల్నో నేర్సుకున్న. నేర్పుమని అడుగుదమంటె సిగ్గాయె, మొగోడు గీ పని అడుగుతడా అని నవ్వుతరు. అందుకే పండుకున్న." భార్య మొహం చూడకుండానే అన్నాడు, "ఆ దినం వాకిట్ల కూసున్న గద. ఇంక కూసోను. నువ్వు డ్యూటీకి పో."

ఇద్దరూ సారలమ్మ వైపు చూశారు. ఆమెకున్నవి రెండే మాటలు. మొహం గోడ వైపు తిప్పబోయి, ఆగి, మొగుడి వైపే తిప్పింది.

"ఊ" అంది.

మరునాడు పొద్దున రాణి టిఫిన్ డబ్బా పట్టుకుని గడప దాటుతుంటే గదిలో గ్లాసు పడ్డ చప్పుడైంది. పరుగున వెనక్కి వచ్చింది. మంచం పక్క స్టూలు మీది గ్లాసు పరుపు మీద బోర్లా పడి ఉంది. దుప్పటంతా నీళ్లు. సారలమ్మ ఎడమచెయ్యి గ్లాసు పక్కనే ఉంది, కళ్లు మాత్రం ఏమీ ఎరగనట్టు పైన ఫ్యాను మీదున్నాయి.

వంటింట్లోంచి బిక్షపతి ఉరికొచ్చాడు. తడి ముట్టుకుని, వేళ్లు వాసన చూసుకున్నాడు. "నీళ్లే! ఏమే, నాకే పరీక్ష వెడ్తున్నవా?"

అయినా ఒత్తిగిలించాడు, చుట్టాడు, పరిచాడు, లాగాడు. అంతా అయ్యాక చేతులు వెనక్కి కట్టుకుని, చెకింగుకు నిలబడ్డ కొత్త వర్కరులా మంచం పక్కన నిలుచున్నాడు. సారలమ్మ ఎడమచేత్తో దుప్పటి తడుముకుంటూ పోయింది. నడుము దగ్గర వేళ్లకు ఒక ముడత తగిలింది. ఆమె పెదవి ఎడమ కొస మెల్లగా పైకి లేచింది.

"ఫె... యిల్."

పడిపోయిన నాటి నుంచి ఆమె నోట వచ్చిన మూడో మాట అది. రాణి నవ్వు ఆపుకోలేక, కళ్లు తుడుచుకుంటూ బస్సు కోసం పరుగెత్తింది. గల్లీ మలుపు దాకా తండ్రి గొంతు వినబడుతూనే ఉంది. "ఒక్క ముడతకే ఫెయిలా? గిదేం అన్యాయమే! జరుగు, జర జరుగు, మళ్ల పరుస్త."