పాల సంఘానికి అల్లుడు కుదిర్చిన పద్ధతి

ఏప్రిల్ నెల, మూడో ఆదివారం మధ్యాహ్నం. ఎల్లారెడ్డి, పాల సంఘం అధ్యక్షుడి ఇల్లు.

హాజరైనవారు: అధ్యక్షుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆయన కొత్తల్లుడు, సంఘంలో కంప్యూటర్ పని చూసే అమ్మాయి, సభ్యుల తరఫున అదే వాడలో రెండు బర్రెలు పెట్టుకుని పాలుపోసే అవ్వ, తహసీలు ఆఫీసులో రిటైరై కామారెడ్డిలో ఉంటూ, పిలిస్తే బస్సెక్కి వచ్చి సలహా చెప్పే నేను.

డైరీలో ఇట్లా రాసుకున్నాను. సంఘం సమావేశంలో సంఘానికి ఏమీ కాని మనిషిని రెండో పేరుగా రాయాల్సి వచ్చింది. అల్లుడు వచ్చాడని సమావేశాన్నే ఇంటికి మార్చారు. బగారా అన్నం, మటన్, వాటి మధ్య పాల సంగతి.

సంగతి ఇది. మా పాలు కొనే కామారెడ్డి చిల్లింగ్ సెంటర్‌వాళ్లు కొత్త నియమం పెట్టారు. సోమవారం నుంచి, ట్యాంకర్ గేటు చేరేలోపే పాలెన్ని, వెన్న ఎంత, బండి ఏది అన్న వివరాలు మా కంప్యూటర్ నుంచి వాళ్ల కంప్యూటర్‌కు నేరుగా చేరాలి. చేరితే గేటు లేస్తుంది. తొలిరోజు తప్పిన సంఘం ఆ ఎండాకాలమంతా వరసలో అందరి వెనక నిలబడాలి. ఆ ఎండలకు వెనక నిలబడటమంటే పాలు విరగడమే. మా అందరిలో ఆ పాల మీదే పొయ్యి వెలిగే ఇల్లు అవ్వది.

కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి సెంటర్‌వాళ్లు వాడేది సోప్ అనే పాత ప్రోటోకాల్. ప్రతి కబురునూ కవరులో పెట్టినట్టు పెట్టి, ఏ వివరం తర్వాత ఏ వివరం రావాలో ఆ వరసలోనే పంపాలి. ఆ వరస రాసి ఉన్న ఫైలునూ వాళ్లే ఇచ్చారు. మా ప్రోగ్రాం ఒక ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. దర్వాజాలు, కిటికీలు ముందే బిగించి ఇచ్చిన ఇల్లు లాంటిదని అమ్మాయి నాకు చెప్పింది. అందులో ఈ పనికి రెండు దారులు. సెంటర్ ఫైలును చదివించి, దానికి తగిన కోడ్‌ను ఫ్రేమ్‌వర్క్ చేతనే తయారు చేయించడం ఒకటి. కోడ్ మన ఇష్టం వచ్చినట్టు రాసుకుని, దాన్నుంచి వరసను పుట్టించడం రెండోది. అమ్మాయి మొదటి దారిలో పని ముగించి, సెంటర్‌కు ఒక కబురు పంపి సరిచూసుకుంది కూడా. బుద్ధి ఉన్నచోట సమావేశం అక్కడే ముగుస్తుంది.

అల్లుడు లాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు.

"ఏంది మామా, ఈ కోడ్? మిషిన్ కక్కినట్టున్నది. నేను నీట్‌గ రాసిస్త. మా కంపెనీల అందరం గట్లనే చేస్తం."

"నీట్ సంగతి తర్వాత సార్," అంది అమ్మాయి. "వాళ్ల మిషిన్ ఒప్పుకోవాలె గద. దానికి మీ కంపెనీ ఏదో తెల్వది."

అధ్యక్షుడు ఉలిక్కిపడ్డాడు. "అల్లుడు చెప్తున్నడు గద బిడ్డా, జర ఆగు."

నేను ఊరుకోలేదు. "పై ఆఫీసు నమూనా పంపితే అదే నింపి పంపాలె. మనమే కొత్త నమూనా గీసి పంపితే తిరిగొస్తది. నా సర్వీసంత చూసింది గిదే."

"అన్నా, ముందుగాల తిను," అంటూ అధ్యక్షుడు నా పళ్లెంలో బొక్క ముక్క వేశాడు. నోరు నిండినవాడు అభ్యంతరం చెప్పలేడన్న సూత్రంతోనే ఆయన ఇన్నేళ్లు సంఘాన్ని నడిపాడు.

అవ్వ నష్టం తెలిసీ అటే మొగ్గింది. "కొత్తల్లుడు. కాదంటే అలుగుతడు. రేపు పిల్ల బతకాలె గద," అంది నా చెవిలో. ఏ ప్రోటోకాల్ వాడాలన్న ప్రశ్నకు జవాబు అలకలో ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు.

అల్లుడు భోజనం తర్వాత కూర్చుని రెండో దారిలో రాశాడు. పంపే ప్రోగ్రాం తనదే, సరిచూడటానికి అందుకునే నకిలీ సెంటర్ కూడా తనదే. రెండూ ఒకదాన్నొకటి మెచ్చుకున్నాయి. తానే ప్రశ్నపత్రం తయారుచేసి, తానే పరీక్ష రాసి, తానే దిద్దుకున్న విద్యార్థికి నూటికి నూరు రాక ఏమవుతుంది? తన పనిని ఎవరూ చెడగొట్టకుండా పాస్‌వర్డ్ కూడా మార్చాడు. అధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు. నేను సాయంత్రం బస్సుకు కామారెడ్డి తిరిగి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే సెంటర్ గేటు దగ్గరికి వెళ్లాను. మా ట్యాంకర్ పక్కకు నిలబడి ఉంది. వివరాలు వచ్చాయి కానీ వరస తప్పి వచ్చాయని, మిషిన్ వాటిని తిప్పికొట్టిందని గేటు దగ్గరి మనిషి చెప్పాడు. వెన్న ముందు, పాలు తర్వాత. నీట్‌గానే ఉండి ఉంటుంది.

అమ్మాయికి ఫోన్ చేశాను. "నాది ఉన్నది బాపు, పెట్టనీకె పాస్‌వర్డ్ లేదు. అల్లుడు పండుకున్నడు."

అధ్యక్షుడికి చేశాను. ఆయన గొంతు తగ్గించి, "కొత్తల్లుని లేపుడెట్ల అన్నా? జరసేపు చూద్దాం," అన్నాడు. ఎండ ఎవరి అల్లుడి కోసమూ ఆగదు. పొద్దెక్కేసరికి ట్యాంకర్ మీద చెయ్యి పెడితే కాలింది.

ఎల్లారెడ్డిలో జరిగింది తర్వాత అమ్మాయి చెప్పింది. సంగతి తెలిసి అవ్వ చేతిలోని పాలచెంబుతోనే అధ్యక్షుడి ఇంట్లోకి నడిచింది. నిన్న అలక గురించి నాకు బోధించిన మనిషే అల్లుడి దుప్పటి గుంజింది. "లే బిడ్డా, నా బర్రె నీకంటే ముందుగాల లేసింది."

పాస్‌వర్డ్ వచ్చింది. అమ్మాయి తన పాత పని పెట్టింది. కవరు చేరింది, గేటు లేచింది. లోపల పాలు పరీక్షించినతను గరిటె ఎత్తి చూపించాడు. విరిగాయి.

డ్రైవర్ ట్యాంకర్‌ను ఎల్లారెడ్డి వైపు తిప్పుతున్నాడు. గేటు దగ్గరి మనిషి మా సంఘాన్ని వరస చివరికి మార్చాడు. అప్పుడు నా ఫోన్ మోగింది. అధ్యక్షుడు.

"అన్నా, అవ్వ చేసిన పని చూసినవా? అల్లుడు చాయ్ గూడ తాగకుండ పోయిండు!"