పెరూ నుంచి వచ్చిన పెట్టె

చమురు ధర పడిపోయి కంపెనీలు మనుషుల్ని ఇళ్లకు పంపిస్తున్న రోజులవి. నేను మస్కట్‌లో ఒక ప్యాకింగ్ కంపెనీలో వడ్రంగిని. మాది నిర్మల్ పక్క పల్లె. నాతో పాటు డ్యూటీ చేసే జగిత్యాల అన్న నాకంటే పదేళ్లు పెద్ద. పెట్టెలు కట్టే పని నాకు నేర్పింది కూడా ఆయనే.

ఒక మ్యూజియంలో ప్రదర్శన కోసం పెరూ దేశం నుంచి నగలు వచ్చాయి. ఎప్పటివో పాత సమాధుల్లో, శవాల మీద దొరికిన బంగారమని ఫోర్‌మన్ హిందీలో చెప్పాడు. ఆ మాట వినగానే నాకు పెట్టె ముట్టుకోబుద్ధి కాలేదు. మా బాపమ్మ పోయినప్పుడు ఆమె ముక్కుకున్న బులాకీ తీయడానికి ఇంట్లో ఆడవాళ్లంతా వెనకాడారు. చివరికి తీసిన పెద్దమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

అన్నా నేనూ పెట్టెను లోపలికి మోస్తుంటే హాలు గడప దగ్గర నా చెయ్యి జారింది. జానెడు ఎత్తు నుంచి నా వైపు మూల నేలకు తగిలింది. చప్పుడు పెద్దగా రాలేదు. కానీ పెట్టె పక్కన అంటించిన సన్నటి గాజుగొట్టం ఎర్రబడింది. దారిలో దెబ్బ తగిలితే తెలియడానికే దాన్ని అంటిస్తారు. ఒకసారి ఎర్రబడితే మళ్లీ మామూలు రంగుకు రాదు.

అన్న అటూ ఇటూ చూశాడు. ఫోర్‌మన్ బయట లారీ దగ్గరున్నాడు. అన్న గొట్టమున్న పక్కను గోడవైపు తిప్పించాడు.

"నువ్వేం జూడలే, నేనేం జూడలే. విమానంలనే తాకిందనుకుంటరు. ఊకో," అన్నాడు.

హాలు చల్లదనానికి అలవాటు పడాలని అలాంటి పెట్టెల్ని ఒక రోజు తెరవకుండా ఉంచుతారు. ఆ రోజంతా నేను అదే హాలులో అద్దాల బీరువాలకు చెక్కలు బిగిస్తూ గడిపాను. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గరుంది. పోలీసులొస్తే అరబ్బీలో ఏం చెప్పాలో తెలియదు. చచ్చిపోయినవాళ్ల సొమ్ము పడేశానే, ఇంటి దగ్గర ఎవరికేమవుతుందో అన్న భయం ఇంకొకటి. సాయంత్రం రూమ్‌కు రాగానే ఫోన్ చేశాను. పాపకు జ్వరమని, మామూలు జ్వరమేనని నా భార్య చెప్పింది. జ్వరం ఎంతుందని రెండుసార్లు అడిగాను.

మర్నాడు పొద్దున, ఆ నగలకు తోడుగా పెరూ నుంచి వచ్చిన మేడం చేతులకు తొడుగులు వేసుకుని వచ్చింది. పెట్టెను నిలబెట్టమని మాకు సైగ చేసింది. అన్న నా వైపు చూశాడు.

"మేడం, నిన్న బాక్స్ పడింది. నా చెయ్యి జారింది," అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

ఆమె కోప్పడలేదు. పడుకోబెట్టే తెరవమని చెప్పి, టార్చ్ నా చేతికిచ్చింది. మూత తీశాక మెత్తటి స్పాంజి గుంటలో ఒక ముక్కునగ కనిపించింది. బులాకీ లాంటిదే, కానీ నోరంతా కప్పేంత వెడల్పు. అంచుకు వేలాడే చిన్న రేకుల్లో ఒకటి ఊడి పక్కన పడి ఉంది. ఆమె పెరూలో బయల్దేరే ముందటి ఫొటో బయటికి తీసి చూసింది. ఫొటోలో ఆ రేకు దాని చోట్లోనే ఉంది.

ఆమె చాలాసేపు ఏదో రాసుకుని ఫోర్‌మన్‌ను పిలిచింది. ఆ రేకును కట్టిన తీగ ఎప్పుడో బాగుచేసిందేనని, మళ్లీ కట్టొచ్చని, నేను చెప్పకుండా పెట్టెను నిలబెట్టి ఉంటే మిగతా రేకులూ రాలిపోయేవని ఆమె అన్నట్టు ఫోర్‌మన్ నాకు చెప్పాడు. కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. అందులో ఏముందో చదవడం నాకు రాదు. పెట్టాను.

పాప జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. అన్న మాత్రం వారం దాకా నాతో మాట్లాడలేదు. తర్వాత నన్ను మస్కట్‌కు దూరంగా ఇబ్రి అనే ఊళ్లో ఒక బిల్డింగ్ సైట్‌కు, సెంట్రింగ్ పనికి మార్చారు. అది శిక్షో కాదో ఎవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు.

మూడు నెలల తర్వాత ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. ఇక ఇంటికే అనుకుని బట్టలు సంచిలో సర్దుకుని వెళ్లాను. నా బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, గడువు తీరుతోందని, ఇంకో రెండేళ్లకు కొత్తదానికి కాగితాలు పంపుతున్నామని గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు. ఆ సంచితోనే మధ్యాహ్నం బస్సెక్కి సైట్‌కు తిరిగొచ్చాను.