వామునూనె పూసలు

మా మేడం ఇక లేరని మొన్న ఆదివారం పొద్దున ఎల్లారెడ్డి నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. కామారెడ్డి కాలేజీలో మాకు సూక్ష్మజీవుల పాఠాలు చెప్పింది మేడమే. చదువయ్యాక అదే ల్యాబులో ఆమె పక్కన పనిచేసే అదృష్టం నాకు దక్కింది.

పొద్దున ఎల్లారెడ్డి బస్సు దిగి నేరుగా ల్యాబుకే వచ్చేవారు. చేతులకు ఎప్పుడూ వాము, లవంగం వాసన. షుగరున్న వాళ్ల అమ్మ కాలికి పడిన పుండు ఏ మందుకూ లొంగలేదట. కాలు తీసేసినా ఆమె బతకలేదు. ఆ తర్వాతే మేడం మొక్కల నూనెల మీద పని మొదలుపెట్టారు.

వామునూనె బ్యాక్టీరియాను చంపుతుంది. కానీ ఉత్త నూనె పుండును మండిస్తుంది, తొందరగా ఆవిరైపోతుంది. అందుకని దాన్ని సముద్రపు నాచు జిగురులో కలిపి, కాల్షియం కలిపిన నీళ్లలోకి చుక్కచుక్కగా వదిలేవారు. చుక్క గట్టిపడి పూసయ్యేది. అందులోంచి నూనె మెల్లగా ఊరాలి. ఆ పూసను బ్యాక్టీరియా పెంచిన గాజు ప్లేటులో పెట్టి చూసేవాళ్లం. నా చుక్కలు వంకరపోతే, "బూందీ దూసినట్టే బిడ్డా, తొందరపడితే తోకలొస్తయి" అని నవ్వేవారు.

ఒకసారి లింగంపేటలో బీడీలు చేసే ఒక ముసలామె, పాదం మీద చీముపట్టిన పుండుతో ల్యాబు గుమ్మం దాకా వచ్చింది. దవాఖానకు పోతే కాలు తీసేస్తారని భయం. ఎవరి నోటో విన్న ఆ పూసలే ఇమ్మని మేడం చెయ్యి పట్టుకుంది. మేడం వంగి ఆ పాదం చూశారు.

"ఇది ఇంక మందు కాలే అవ్వా. గాజు ప్లేట్ల పనిచేసింది గంతే, మనిషి మీద చూడలే. మా అమ్మకైనా ఇయ్యకపోతుంటి. నడువు, నీతోని దవాఖానకు నేనొస్త."

క్లాసు నాకు అప్పగించి, ఆమెను ఆటో ఎక్కించుకుని పోయారు. పుండు కడిగించి, చీము పరీక్షకు పంపించి, ఆమెను వార్డులో చేర్పించేదాకా కదల్లేదు. ఆమె ఇంటికి చేరాక కూడా, సాయంత్రాలు ఇంటికి పోయే దారిలో లింగంపేటలో బస్సు దిగి కట్టు చూసి పోయేవారు. చివరికి ఒక వేలు పోయింది, పాదం దక్కింది. ఆ మాట నాకు చెబుతూ బస్టాండులోనే కళ్లు తుడుచుకున్నారు.

మేడం మంచం పట్టాక చూడబోయినప్పుడు, కొత్త ప్లేటు ఫొటో ఫోనులో చూపించాను. మబ్బులా పరుచుకున్న బ్యాక్టీరియా, నడుమ పూస చుట్టూ, నూనె చంపినంత మేర, ఏమీ మొలవని తేట వలయం. అంత వెడల్పు వలయం మాకు ఎప్పుడూ రాలేదు.

"ఇంకోసారి పెట్టు. మల్ల గిట్లనే వస్తెనే నమ్ము" అన్నారు.

ఫోను మాత్రం తిరిగివ్వలేదు. కిటికీ వెలుగు వైపు తిరిగి, ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ, ఆ తేట వలయాన్నే చూస్తూ పడుకున్నారు.