పైడిగుమ్మికి జీపు రాని బుధవారం

మొన్న బుధవారం నా తెలివి పుణ్యమా అని ఓ ముసలమ్మ తలమీద బస్తాతో కొండ దిగి రావాల్సొచ్చింది. టీ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి.

జి.మాడుగుల దగ్గర కాఫీ రైతుల సంఘంలో కంప్యూటర్ పని నాది. కంప్యూటర్ పట్టికల్లోంచి కావలసింది వెతికి తీసే భాష ఎస్‌క్యూఎల్‌ని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. గురువు లేడు, అందుకే గర్వం ఎక్కువ. కాఫీ పళ్ళు తెచ్చే జీపు ఏ ఊరికి ఏ రోజు వెళ్లాలో మేనేజర్ గారు గోడమీద సుద్దతో రాసేవారు.

"ఇన్ని ఊళ్ళకి రాయడమెందుకు సార్? ఏ ఊరు ఏ ఊరి కిందకొస్తుందో పట్టికలో ఉంది, అన్నిటికీ పైన పంచాయతీ. దానికి ఒక్కసారి రోజు రాస్తే చాలు. ఖాళీగా ఉన్న ఊరు పైనున్నదాన్నుంచి తీసుకుంటుంది. సొంత రోజుంటే అదే చెల్లుతుంది" అన్నాను.

పట్టికని అడిగే ప్రశ్న, అదే క్వెరీ, రాశాను: ఊరి గడిలో రోజు లేకపోతే దాని పై ఊరి గడిలో చూడు. మా ఊరికి వేసి చూస్తే సరిగ్గానే వచ్చింది. వెంటనే గోడ తుడిచేశాను.

బుధవారం మూడింటికి సోములమ్మ వచ్చి నా బల్ల పక్కన బస్తా దించింది.

"ఏటి బాబూ, మా పైడిగుమ్మి నీ పెట్టెలో లేదా? పొద్దున్నుంచి మలుపులో జీపు కోసం సూసినాను."

కోసిన పళ్ళకి ఆ రోజే తొక్క తీయకపోతే పులిసిపోతాయి. చూద్దును కదా, పైడిగుమ్మి గడి ఖాళీ. దాని పై ఊరి గడీ ఖాళీ. రోజు ఉన్నది ఇంకా పైన, పంచాయతీ దగ్గర. నా క్వెరీ ఒక్క మెట్టెక్కి, ఏమీ లేదని ఊరినే జాబితాలోంచి వదిలేసింది.

తొక్క తీసే పెద్ద మిషను ఆ రోజుకి అప్పటికే కడిగేశారు. మేనేజర్ గారు మూలనున్న చేతిమిషను చూపించి, "తిప్పు" అన్నారు. ఆమె పళ్ళు పోస్తుంటే నేను తిప్పుతూ సంజాయిషీ మొదలెట్టాను.

"మీ ఊరికి రోజు లేదు మామ్మా, పై ఊరికీ లేదు, అందుకని..."

"లేపోతే? మా ఊళ్ళో దిసారీ లేడు. మామిడి కొత్త తినడం మానేత్తామా?"

మంచిరోజు చెప్పేవాడు దిసారి. ఆయన చెప్పందే ఆ కొండమీద కొత్త మామిడి ఎవరూ నోట పెట్టరు.

"పై ఊరోడిని అడుగుతాం. అక్కడా లేపోతే ఆ పై ఊరు. సెప్పేవోడు దొరికినవరకు ఎక్కుతాం. దొరికినాక ఇంకా పైకెల్లం. దగ్గరోడి మాటే మాట."

నా చెయ్యి ఆగిపోయింది. నేను అన్ని వీడియోల్లో వెతికి పట్టుకోలేనిది ఈ కొండ తరతరాలుగా ఏటా నడుపుకుంటోంది. ఇన్నేళ్ళలో ఒక్క ఊరూ జాబితాలోంచి జారిపోలేదు.

"తిప్పు బాబూ, బేగి" అంది.

పళ్ళు దక్కాయి. ఆమె మాటలే వరసగా పేర్చి, రోజు దొరికేదాకా మెట్టు తర్వాత మెట్టు ఎక్కే రికర్సివ్ క్వెరీ రాశాను. పైడిగుమ్మి ఎదురుగా బుధవారం వచ్చి కూర్చుంది. కొత్త జాబితా అచ్చు తీసి, ఆ కాగితం ఊళ్ళో నేనే ఇస్తానని, ఖాళీ బస్తా భుజాన వేసుకుని ఆమె వెంట బయల్దేరాను. మొదటి మలుపు దాటాక రాయిమీద కూలబడ్డాను.

పైనుంచి సోములమ్మ కేకేసింది. "అక్కడే కూకుండిపోయావేటి బాబూ? మా ఊరు ఇంకా పైనుంది."

నా మొదటి క్వెరీకి ఎవరి పోలిక వచ్చిందో అప్పుడు తెలిసింది.